మదన్ మహల్ గుట్ట మీద వాన

పత్తి గింజలు పెట్టి, కలుపు మొదలయ్యేలోపు నాలుగు రోజులు తీరిక దొరికింది. అమ్మనూ మా చిన్నోణ్ణీ తీసుకొని ఆదిలాబాద్ నుంచి జబల్‌పూర్ వెళ్ళాం. గోండు రాజుల మహల్ చూపిస్తామని వాడికి ఎప్పటినుంచో చెబుతున్నాం.

గుట్ట ఎక్కుతుండగానే వాన పట్టుకుంది. ఎటు చూసినా పెద్ద పెద్ద బండలు, మెట్ల మీదుగా పారే నీళ్ళు. అమ్మ చెప్పులు చేత పట్టుకొని మాకన్నా ముందే ఎక్కింది. పైన పెద్ద బండ మీద నిలబెట్టిన చిన్న కట్టడం. రాజు మదన్ షా కట్టించాడని చెప్పుకునే మదన్ మహల్ అదే.

"ఇంతేనా?" అన్నాడు చిన్నోడు. సినిమాల్లో చూసే కోట అనుకున్నాడు.

అక్కడే తలదాచుకొని వాడికి రాణి దుర్గావతి గురించి చెప్పాం. భర్త దళపత్ షా చనిపోయాక 1550 నుంచి చిన్నవాడైన కొడుకు పేర గఢా రాజ్యం ఏలింది. అక్బర్ సేనాని ఆసఫ్ ఖాన్ దండెత్తి వస్తే 1564 జూన్‌లో ఏనుగెక్కి పోరాడింది. బాణాలు తగిలాక, శత్రువుకు చిక్కకుండా తన బాకుతోనే ప్రాణం తీసుకుంది. కింద నగరంలో రాణీతాల్ ఆమె తవ్వించిన చెరువనీ, చేరీతాల్ ఆమె చెలికత్తె పేరిట వెలిసిందనీ అంటారు. చేరీతాల్ ఇప్పుడు ఒక పేట పేరు.

గుట్ట దిగాక మక్క కంకులు కాల్చి అమ్ముతున్న ముసలామె కనిపించింది. గోండు అని తెలిసి అమ్మ గోండీలో పలకరించింది. ఆమె నవ్వి హిందీలో, "మా అమ్మ మాట్లాడేది, నాకు రాదు" అంది. ఇద్దరూ వెతుక్కుంటే రెండు మాటలు కలిశాయి. ఏర్, రోన్. నీళ్ళు, ఇల్లు.

"రోన్ అంటే ఇల్లా నానమ్మా?" అని అడిగాడు చిన్నోడు.

మేము తల దించుకున్నాం. బడిలో వెనకబడతాడని ఇంట్లో తెలుగే మాట్లాడింది మేమే. ఆ మాట వాడికి తెలియకపోవడం వాడి తప్పు కాదు.

ఇప్పుడు రాత్రి అన్నాల దగ్గర గోండీలోనే మాట్లాడుకుంటున్నాం. మధ్యలో తెలుగు దొర్లితే అమ్మ దిద్దుతుంది. మన యువతీ యువకులు కూడా ఇంట్లో ఇలా మొదలుపెట్టాలి. టీచర్లు బడిలో పిల్లల నోట ఇంటి మాట వస్తే ఆపవద్దు. దాని అర్థం అడగండి చాలు.