నిండుకుండ తొణకదు

మా అక్క కొడుకు రేపల్లెలో ఉంటాడు. లారీ డ్రైవరు. పోయిన వేసవిలో ఒక ఆదివారం ఉదయం పాసింజరు బండిలో తెనాలి వచ్చి, నా బల్ల మీద ఒక పుస్తకం పెట్టి, "మావయ్యా, పది రోజుల్లో ఇది నాకు చెప్పాలి" అన్నాడు. ముప్ఫై ఏళ్లు తెలుగు పంతులుగా పనిచేసినవాణ్ణి. ఎవరైనా పుస్తకం తెచ్చి చెప్పమంటే నాకు సంతోషమే. తీరా తెరిచి చూస్తే అది ఇంగ్లీషు పుస్తకం. ప్రమాదకరమైన సరుకులు మోసే బండ్ల డ్రైవర్లకు శిక్షణ పాఠాలు.

అతను అప్పటిదాకా పాల ట్యాంకరు నడిపాడు. పెట్రోలు ట్యాంకరుకు మారితే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి. కొండపల్లి డిపోలో సరుకు ఎత్తుకుని డెల్టాలోని బంకుల్లో దింపితే రాత్రికి ఇల్లు చేరవచ్చు. కూతురు ఇంటర్మీడియట్‌కు వచ్చింది. కాని అందుకు లైసెన్సు మీద ప్రత్యేకంగా రాయించుకోవాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో తొమ్మిదోది ప్రకారం ఇటువంటి డ్రైవరుకు ఒక భారతీయ భాషా, దానితోపాటు ఇంగ్లీషూ చదవడం, రాయడం రావాలి. మూడు రోజుల శిక్షణ పొంది అందులో నెగ్గాలి. మామూలు రవాణా డ్రైవర్లకు ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న షరతును 2019లో తీసేశారు. ప్రమాదకరమైన సరుకుల విషయంలో చదువు షరతు అట్లాగే ఉన్నది. మావాడు తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలడు. అర్థం నేను చెప్పాలి.

మొదటి పాఠం ట్యాంకరుకు తగిలించే పలక గురించి. పెట్రోలు బండి మీద 1203 అని అంకె ఉంటుంది. ఐక్యరాజ్యసమితి పద్ధతిలో ఏ దేశంలోనైనా ఆ అంకెకు అర్థం పెట్రోలే. మంచు ఫ్యాక్టరీలు వాడే అమోనియాకు 1005. పెట్రోలు పలక మీద ఆ అంకెతో పాటు "3 వై ఇ" అని కూడా ఉంటుంది. "ఇ అంటే ఏమిటి మావయ్యా?" అన్నాడు. నాకు ఎలిఫెంటు తప్ప మరేమీ తోచలేదు. పుస్తకం తిరగేసి ఇద్దరం కలిసి తెలుసుకున్నాం. 3 అంటే నీళ్లతో కాదు, నురగతో ఆర్పాలి. వై అంటే పేలే ప్రమాదం ఉన్నది, కారినదాన్ని కాలువల్లోకి పోనివ్వకుండా అడ్డుకట్ట వెయ్యాలి. ఇ అంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే సంగతి ఆలోచించాలి. ఇన్నేళ్లుగా ఆ పలకలు నా ముందునుంచే పోతున్నాయి. మా జనాన్ని గురించి రాసిన అక్షరం మా జనంలో ఎవరూ చదవలేనిదని నాకు అంతకుముందు తట్టలేదు.

రెండో రోజు అతను నాకు పంతులయ్యాడు. "నిండుకుండ తొణకదు" అన్న సామెతను నేను వందల పిల్లలకు చెప్పి ఉంటాను. విద్వాంసుడు అణకువగా ఉంటాడని అర్థం చెప్పేవాణ్ణి. మావాడికి ఆ సామెత భుజాలకు తెలుసు. ట్యాంకు నిండుగా ఉంటే సరుకు కదలదు. సగం ఉంటే బ్రేకు వేసినప్పుడు లోపలి సరుకంతా అలలాగా ముందుకు వచ్చి బండిని నెడుతుంది. మలుపులో పక్కకు ఒరిగి బండిని పడదోస్తుంది. పెట్రోలు ట్యాంకును అడ్డుగోడలతో గదులుగా విడదీస్తారు. పాల ట్యాంకును కడగాలి గనక లోపల అడ్డుగోడలు పెట్టకపోవడమే ఎక్కువ. అందువల్ల సగం పాలతో బండి నడపడం ఎట్లా ఉంటుందో అతనికి పుస్తకం చెప్పనక్కరలేదు. "అట్లాగని అంచుదాకా నింపినా తప్పే మావయ్యా. ఎండకు పెట్రోలు ఉబ్బుతుంది. కాస్త ఖాళీ ఉంచాలి" అన్నాడు. సామెతకు ఈ సవరణ నేను ఏ వ్యాఖ్యానంలోనూ చూడలేదు.

అసలు తగాదా మూడో రోజు వచ్చింది. ట్యాంకరు పల్టీ కొడితే ఏం చెయ్యాలో చెప్పే కాగితం ఒకటి డ్రైవరు క్యాబిన్‌లో ఎప్పుడూ ఉండాలి. అతను తెచ్చినది ఇంగ్లీషులో ఉన్నది. నేను దాన్ని తెలుగు చేసి చదివాను: "దహనశీల ద్రవము స్రవించినచో ప్రజలను వాయువు వీచు దిశకు తరలించవలెను." మావాడు నవ్వలేదు. "మావయ్యా, కాలువ గట్టు మీద బండి పడి ఉంటే, బకెట్లు పట్టుకొచ్చే వాళ్లకు నేను ఈ ముక్క చెబితే వింటారా?" అన్నాడు. పైగా నా వాక్యంలో మరో తప్పు ఉన్నది. గాలి వీచే దిశకు పంపితే ఆవిరి కూడా వాళ్ల వెంటనే పోతుంది. గాలి ఎటునుంచి వస్తున్నదో అటు పంపాలి. ఇద్దరం కూర్చుని కొట్టివేసి మళ్లీ రాశాం: "దగ్గరికి రావొద్దు. బీడీ ముట్టించొద్దు. బండి స్టార్టు చెయ్యొద్దు. గాలి వచ్చే వైపుకు నడవండి. పల్లంలో నిలబడొద్దు." పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు గనక పల్లానికి పాకుతుంది. ద్రవం నీళ్లకన్నా తేలిక గనక కాలువ మీద తేలిపోతుంది. మా డెల్టాలో పల్లమూ కాలువా లేని ఊరు ఏది?

గిడుగు రామమూర్తి వ్యావహారిక భాష కోసం అంత పోరాడిన తరవాత కూడా నా కలం ఆపదవేళ గ్రాంథికంలోకి పరుగెత్తింది. ఇందులో నా పాండిత్యం లోపం మాత్రమే లేదు. ప్రాణానికి సంబంధించిన సంగతులు ప్రజల భాషలో చెప్పే అలవాటు మన చదువుకు లేదు.

బకెట్ల మాట అతను ఊరికే అనలేదు. 2017 జూన్ 25న పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ దగ్గర ఇంధనం ట్యాంకరు బోల్తా పడింది. కారుతున్నదాన్ని పట్టుకుపోదామని చుట్టుపక్కల ఊళ్ల జనం వచ్చారు. నిప్పు అంటుకుని 200 మందికి పైగా చనిపోయారు. అత్యాశకు పోయారని తీర్పు చెప్పడం సులభం. లీటరు పెట్రోలు కోసం పరుగెత్తిన మనిషి సంపాదన ఎంతో అడగకుండా ఆ తీర్పు చెప్పకూడదు. అది పేలుతుందని వాళ్లకు అర్థమయ్యేట్టు ముందే ఎవరన్నా చెప్పారా అనీ అడగాలి.

డ్రైవరుకు ఇంగ్లీషు షరతు ఎత్తివేయాలని కొందరు మిత్రులు నాతో వాదించారు. నేను ఒప్పుకోలేదు. మోస్తున్నదేమిటో తెలియని డ్రైవరుకు ఆ ఉద్యోగం దొరికినా మేలు కాదు. కాని ఆ నిబంధనలనే చివరిదాకా చదవండి. 131వ నిబంధన సరుకు పంపేవాడు పూర్తి సమాచారం ఇవ్వాలంటుంది. 132వది బండి యజమానిని బాధ్యుణ్ణి చేస్తుంది. డ్రైవరు వంతు 133లో గాని రాదు. చట్టంలో డ్రైవరు మూడోవాడు. ప్రమాదం జరిగిననాడు మాత్రం అందరూ అతన్నే మొదటివాడుగా చూస్తారు. సమాచారం అర్థమయ్యే భాషలో చేతికివ్వకుండా, ట్రిప్పుల లెక్కన డబ్బిస్తూ నిద్రకు వేళ లేకుండా చేసి, పరీక్ష ఒక్కటే పెడితే అది చదువు కాదు. రేపటి నిందకు ఇవాళ తీసుకునే సంతకం.

మావాడు శిక్షణలో నెగ్గాడు. లైసెన్సు పని చూసుకోవడానికి బాపట్ల వెళ్తూ నన్నూ తీసుకెళ్లాడు. 2019 సవరణ చట్టం తరవాత ఆ అనుమతి మూడేళ్లు చెల్లుతుంది, ఆ పైన మళ్లీ శిక్షణ. తిరిగి రేపల్లె బస్సెక్కాం. చెరుకుపల్లి దాటాక మా ముందు ఒక ట్యాంకరు పోతున్నది. వెనక పలక చూసి "1203" అని ఇద్దరం ఒకేసారి అన్నాం. పక్క సీటులోని ఆమె అదేమిటని అడిగింది. మావాడు చెప్పాడు. గాలి సంగతీ, పల్లం సంగతీ కూడా చెప్పాడు. బస్సులో సగం మంది విన్నారు.

మేము రాసిన తెలుగు కాగితం ఇప్పుడు అతని క్యాబిన్‌లో ఇంగ్లీషు కాగితం పక్కన ఉన్నది. తోటి డ్రైవర్లు నకళ్లు అడిగితే ఇరవై రాసి ఇచ్చాను. రోడ్డు పక్క ఊళ్లలో పనిచేసే ఉపాధ్యాయులు ఈ పని నాకన్నా బాగా చెయ్యగలరు. ఒక మాట మాత్రం మరవకండి. రాసింది ముందు ఒక డ్రైవరుకు చదివి వినిపించండి, అతను కొట్టివేసినవి కొట్టివెయ్యండి.