దర్భ తాడు... రాకెట్ మోటారు

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి వెళ్లే దారిలో వస్తుంది ఏర్పేడు. ఆ మండలంలోని చెల్లూరు పరిసరాల్లో పంట కాలువల గట్ల మీద విష్ణుదర్భ పెరుగుతుంది. తిరుమల బ్రహ్మోత్సవాలు దగ్గర పడుతున్నాయంటే టీటీడీ అటవీ విభాగం సిబ్బంది దాన్ని కోసి కొండకు చేరుస్తారు. వారం రోజులు ఎండబెట్టి, శుభ్రం చేసి, చాప అల్లుతారు. తాడు పేనుతారు. చాప పొడవు 22 అడుగులు, తాడు అంతకంటే చాలా పొడవు! ధ్వజారోహణం నాడు చాపను ధ్వజస్తంభానికి చుట్టి, తాడును స్తంభం చివరిదాకా చుడతారు.

చేతికందేంత గడ్డి అంత పొడవు తాడెలా అయ్యింది? పేనినప్పుడు పోచలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. లాగేకొద్దీ బిగుస్తాయి. బలమంతా ఆ రాపిడిదే. కాకపోతే పేనిన తాడుకు బరువు కట్టి వదిలితే గిర్రున తిరిగి పురి విప్పుకోవాలని చూస్తుంది. జడలా అల్లితే ఆ బాధ లేదు. ఎడమకు పోయే పాయను కుడికి పోయే పాయ ఆపుతుంది.

ఇంజినీర్లు పట్టుకున్నది ఈ జడనే. గడ్డికి బదులు కార్బన్, గాజు, కెవ్లార్ పోగుల్ని గొట్టంలా అల్లి, రెజిన్ పట్టించి గట్టిపరుస్తారు. ఉక్కు ముక్కను ఎటు లాగినా దాదాపు ఒకేలా తట్టుకుంటుంది. దీనికి మాత్రం అల్లిక కోణమే ప్రాణం. పోగులు పొడవు వైపు ఒరిగితే లాగుడుకు ఆగుతుంది. 45 డిగ్రీల ఏటవాలులో ఉంటే మెలి తిప్పినా ఓర్చుకుంటుంది. రెండూ నిండుగా కావాలంటే కుదరదు.

అందుకే ముక్కను యంత్రం దవడల మధ్య బిగించి తెగేదాకా లాగుతారు. ముందే దాని మీద చుక్కలు చల్లి, అవి ఎంతెంత జరిగాయో కెమెరాతో కనిపెడతారు. మొదట రెజిన్‌లో సన్నటి బీటలు... తర్వాత పోగులు లాగినవైపు తిరగడం... ఆఖరికి టప్పుమని తెగడం!

కంప్యూటర్‌లో అయితే ముగ్గులో ఒక్క గడి తీసుకున్నట్టు అల్లికలో ఒక్క చిన్న గడి తీసుకుని, అదే పదేపదే వస్తుందనుకుని మొత్తం బలం లెక్కగడతారు. నిజం అల్లికలో ఒకచోట పోగు నలుగుతుంది, ఇంకోచోట గాలిబుడగ మిగిలిపోతుంది. లాగి చూడక తప్పదు మరి! 2015లో మొదలైన తిరుపతి ఐఐటీ ప్రాంగణం ఉన్నదీ దర్భ పెరిగే ఈ ఏర్పేడులోనే.

2022లో జిల్లాలు మారాక శ్రీహరికోట కూడా తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అక్కణ్నుంచి ఎగిరే పీఎస్ఎల్వీ మూడో దశ మోటారు కవచం కెవ్లార్ పోగుతో చేసిందే. అయితే ఇది అల్లింది కాదు, చుట్టింది. ధ్వజస్తంభం మీది తాడుకు దగ్గరి చుట్టమన్నమాట! లోపల మండే ఇంధనం కవచాన్ని బయటికి తంతుంటే చుట్టిన పోగు అదిమి పట్టాలి. 2025 మే 18న పీఎస్ఎల్వీ-సీ61 ప్రయోగంలో మూడో దశ మోటారులో పీడనం పడిపోయింది. ఈఓఎస్-09 ఉపగ్రహం కక్ష్యకు చేరలేదు.

ప్రయోగానికి ముందు ఇస్రో శాస్త్రవేత్తలు రాకెట్ నమూనాను తిరుమలకు తెచ్చి పూజ చేయించడం ఆనవాయితీ. మహాద్వారం దాటి లోపలికి వెళ్తుంటే వాళ్లకు ఎదురయ్యేది ఆ ధ్వజస్తంభమే.