ఒక్క కాలు చాలు

స్ప్రేయింగ్ అయిన కొద్దిరోజులకు దోమలు పట్టడానికి ఏజెన్సీ ఊళ్ళకు వెళ్తే మాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. "మందులో నీళ్ళు కలిపేశారా బాబూ? దోమలు అలాగే ఉన్నాయి." అక్కడక్కడా ఆ అనుమానం నిజమే కావచ్చు. చాలాచోట్ల మాత్రం మందు మంచిదే, మారింది దోమ. ఏది నిజమో తేల్చడం మలేరియా విభాగంలో నా పని.

మాకు కావలసింది అనాఫిలిస్ కులిసిఫేసిస్. మన పల్లెల్లో మలేరియాను మోసేది ప్రధానంగా ఇదే. దానికి మనిషి కంటే పశువు రక్తం ఇష్టం కాబట్టి, తెల్లారకముందే టార్చిలైటు పట్టుకుని పశువుల శాలల్లో గోడలు వెతుకుతాం. కనబడ్డదాన్ని గొట్టంతో నోటితో పీల్చి పట్టాలి. గొట్టం మధ్యలో వలగుడ్డ ఉంటుంది లెండి, లేకపోతే ఆ పూట టిఫిన్ అక్కర్లేదు.

వాటి గుడ్లు పొదిగించి, పెరిగిన ఆడదోమలను రక్తం తాగకముందే పరీక్షకు తీసుకుంటాం. స్ప్రేయింగ్‌లో కొట్టే డెల్టామెత్రిన్‌ను 0.05 శాతం పట్టించిన కాగితం చుట్టిన గొట్టంలో పాతికేసి చొప్పున గంటసేపు ఉంచి, ఆ తర్వాత మందులేని గొట్టంలోకి మార్చి, చక్కెరనీళ్ళ దూది పెట్టి 24 గంటలు ఆగుతాం. గంటకే వెల్లకిలా పడ్డవాటిని చావు లెక్కలో రాయకూడదు, వాటిలో కొన్ని మర్నాడు లేచి ఎగురుతాయి. 98 శాతం, ఆపైన చస్తే మందు పనిచేస్తున్నట్టు. 90 కంటే తగ్గితే దోమ తట్టుకుంటున్నట్టు.

ఎందుకు తట్టుకుంటోందో ఈ లెక్క చెప్పదు. డెల్టామెత్రిన్ దోమ నరాల్లో సోడియం వెళ్ళే ద్వారాన్ని పట్టుకుని మూసుకోనివ్వదు. నరం ఆగకుండా అదిరి దోమ చస్తుంది. ఆ ద్వారానికి సంబంధించిన జన్యువులో ఒక్క అక్షరం మారి, 1014వ స్థానంలో లూసిన్ బదులు ఫినైల్ అలనిన్ వస్తే మందుకు పట్టు చిక్కదు. మేం దీన్ని కేడీఆర్ అంటాం. డీడీటీ పట్టుకునేదీ ఆ ద్వారాన్నే. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక దశాబ్దాలపాటు డీడీటీ కొట్టాం. మందు దోమకు ఏమీ నేర్పదు. ఎక్కడో ఒకటీ అరా ఉన్న మారినవాటిని వదిలి మిగతావాటిని ఏరేస్తుంది. అలా మిగిలినవాటి సంతతికి కొత్తమందు పాతచుట్టమే.

కేడీఆర్ చూడటానికి దోమ కాలు ఒక్కటి చాలు. అందులోంచి డీఎన్‌ఏ తీసి పీసీఆర్ చేస్తాం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, జన్యువుకు రెండు ప్రతులుంటాయి. రెండూ మారితేనే దోమ గట్టిగా తట్టుకుంటుంది. ఒకటే మారినది చాలామటుకు చస్తుంది. అందుకే బతికినవాటి కంటే చచ్చినవాటి కాళ్ళమీద నాకు ఆసక్తి ఎక్కువ. మందు భేషుగ్గా పనిచేస్తోందని గొట్టం చెప్పిన ఊళ్ళోనూ వాటిలో మారిన ప్రతి దాగి ఉండొచ్చు. అలాంటివి రెండు జతకడితే పిల్లల్లో సగటున పావువంతుకు రెండు ప్రతులూ మారినవే వస్తాయి.

కేడీఆర్ ఒక్కటే దారి కాదు. కొన్ని దోమలు ఎంజైములను ఎక్కువగా తయారుచేసుకుని మందును ఒంట్లోనే విరిచేస్తాయి. ముందు ఆ ఎంజైములను అడ్డుకునే పీబీవో కాగితం మీద ఉంచి తర్వాత డెల్టామెత్రిన్ తగిలిస్తే చావులు పెరిగాయనుకోండి, పీ450 అనే ఎంజైముల పని అనుకోవచ్చు. అక్కడ పీబీవో కలిపిన దోమతెరలు ఉపయోగపడతాయి.

పై అధికారులకు ఒక్కమాటలో జవాబు కావాలి: మందు మార్చాలా, వద్దా? కేడీఆర్ ముదిరిన ఊళ్ళో డెల్టామెత్రిన్ తీసి, అదే ద్వారాన్ని పట్టుకునే ఆల్ఫాసైపర్‌మెత్రిన్ కొడితే మారేది డబ్బా మీది పేరే. మలాథియాన్ దెబ్బ వేరేచోట, ఎసిటైల్‌కోలినెస్టరేజ్ మీద. అయినా దాన్ని విరిచే ఎస్టరేజ్ ఎంజైముల పరీక్ష కూడా వచ్చేదాకా దాని పేరు నివేదికలో రాయను.