షఫఖ్: నగరంపై ఎర్రని సంధ్య

వర్షం వెలిసిన ఆగస్టు సాయంత్రాలలో హైదరాబాదు పాతనగరపు ఆకాశాన్ని చూసినవారు దానిని త్వరగా మరువలేరు. 1694లో పూర్తయిన మక్కా మసీదు ప్రాంగణంలో నిలబడితే నమాజు మందిరం మనకు పడమట ఉంటుంది. సూర్యుడు దాని వెనుకకు దిగగానే రాతి కమానులు నల్లని గీతలుగా మిగులుతాయి. పైన మేఘాలు నిప్పుకణికల్లా రాజుకుంటాయి. వెనుదిరిగి చూస్తే చార్మినారు శిఖరాలపై దానిమ్మ గింజల రంగు.

ఇక్కడి నుండి కిబ్లా నేరుగా పడమర కాదు. సుమారు 13 డిగ్రీలు ఉత్తరానికి మొగ్గి ఉంటుంది. ఆగస్టు మూడో వారం ప్రాంతంలో సూర్యుడు అస్తమించేది కూడా దాదాపు ఆ దిశలోనే. అయినా మన సజ్దా సూర్యునికి కాదు. అందుకే బింబం దిగుతున్న ఘడియలలో నఫిల్ నమాజు వారించబడింది. బింబం పూర్తిగా మరుగైన తరువాతే మగ్రిబ్ వేళ మొదలవుతుంది.

ఈ ఎరుపు ఎక్కడిది? మధ్యాహ్నపు కిరణం గాలిపొరను నిట్టనిలువుగా దాటి వస్తుంది. సాయంత్రపు కిరణం అదే పొరలో ఏటవాలుగా ఎన్నో రెట్లు ఎక్కువ దూరం ప్రయాణించాలి. ఆ దారిలో గాలి అణువులు నీలికాంతిని నలుదిక్కులా చెదరగొడతాయి. ఎరుపు అధికంగా మన కంటికి చేరుతుంది. పొగ, దుమ్ము ఉంటేనే ఆకాశం ఎర్రబారుతుందని చాలామంది భావిస్తారు. నిజానికి నేలబారు పొగ రంగును మసకబారుస్తుంది. వాన గాలిని కడిగిన రోజునే ఆ వన్నె నిండుగా కనిపిస్తుంది.

సూర్యాస్తమయం తరువాత పడమట మిగిలే ఈ కాంతినే అరబీలో షఫఖ్ అంటారు. దివ్యఖుర్ఆన్ 84వ సూరా ఇన్‌షిఖాఖ్‌లో అల్లాహ్ దీనిపై ప్రమాణం చేశాడు. షఫఖ్ అంతరించినప్పుడే మగ్రిబ్ వేళ ముగిసి ఇషా ప్రవేశిస్తుంది. అయితే షఫఖ్ అంటే ఏది? ఎరుపే అన్నారు ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫయీ, ఇమామ్ అహ్మద్. ఎరుపు పోయాక నిలిచే తెలుపు అన్నారు ఇమామ్ అబూ హనీఫా. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ మాత్రం గురువుతో ఏకీభవించక ఎరుపునే స్వీకరించారు. అల్లాహ్ వారందరినీ కరుణించుగాక!

మదర్సా విద్యార్థులు ఈ పాఠాన్ని తడుముకోకుండా అప్పజెప్పగలరు. ఒక ఏడాది వారిని నగరం అంచున ఉన్న ఒక మేడమీదికి తీసుకువెళ్ళి, ఎరుపు ఎప్పుడు పోతుందో చెప్పమన్నాను. "పోయింది ఉస్తాద్" అన్నాడొకడు. "లేదు, ఆ మేఘం అంచున ఇంకా ఉంది" అన్నాడు పక్కవాడు. కొంతసేపటికి ఎరుపు పోయిందని అందరూ ఒప్పుకున్నారు. దాని చోట పాలవంటి తెలుపు పరుచుకుని ఉంది. అప్పుడు వారిలో చిన్నవాడు నెమ్మదిగా, "అయితే అందరు ఇమాములూ ఆకాశాన్ని చూసే చెప్పారన్నమాట!" అన్నాడు.

ఫోనులోని రెండు ఆప్‌లు ఇషాకు వేర్వేరు వేళలు చూపితే నేడు ఇళ్ళలో వాదాలు రేగుతున్నాయి. ఆ తేడా వెనుక ఉన్నది మొండితనం కాదు, శ్రద్ధగల చూపు. అటువంటి చూపుతోనే 11వ శతాబ్దంలో అందలూసియాకు చెందిన ఖాజీ, గణితవేత్త ఇబ్ను ముఆజ్ అల్ జయ్యానీ సంధ్యాకాంతి ఆధారంగా వాయుమండలం ఎత్తును లెక్కగట్టాడు. సూర్యుడు దిఙ్మండలానికి 19 డిగ్రీల దిగువన ఉన్నంతవరకు ఆ కాంతి అందుతుందని ఆయన గ్రహించాడు. నేటి ఖగోళ లెక్కలు 18 డిగ్రీలు అంటున్నాయి.

మన నగరం నడుమ ఇప్పుడు ఆ తెలుపు వీధిదీపాల వెలుగులో కలిసిపోతోంది; పడమటి అంచును ఎత్తైన కట్టడాలు మూసివేస్తున్నాయి. ఎరుపు మాత్రం ఇంకా మేడలపైకి వస్తూనే ఉంది. అస్తమయం నుండి పూర్తి చీకటి వరకు ఇక్కడ పట్టేది సుమారు గంటా పావు. సోదర సోదరీమణులారా! ఒక్క సాయంత్రం మగ్రిబ్ ముగించుకుని పిల్లలతో మేడెక్కండి. ఎరుపు ఎప్పుడు పోయిందో వారినే చెప్పనివ్వండి. వారి జవాబులు కలవకపోతే కోపగించకండి.