శాంతినికేతన్‌లో చైనా ఇల్లు
హౌరాలో రైలెక్కితే రెండున్నర గంటల్లో బోల్‌పూర్. స్టేషన్ బయట టోటో (బ్యాటరీ ఆటోని అక్కడ అలాగే అంటారు) ఎక్కి ‘శాంతినికేతన్’ అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. బుధవారం మాత్రం వెళ్లకండి. విశ్వభారతికి వారపు సెలవు ఆదివారం కాదు, బుధవారం. ఆ సంగతి తెలియక నేను సరిగ్గా బుధవారమే దిగాను!

ఎర్రమట్టి దారి, చెట్ల నీడ. చీనా భవన తలుపులు మూసి ఉన్నాయి. ఎదురుగా ఇద్దరమ్మాయిలు. ఒకరు ఫోన్లో తెలుగులో మాట్లాడుతుంటే ప్రాణం లేచొచ్చింది. గుంటూరు అమ్మాయి, కళాభవనలో బొమ్మలు వేయడం నేర్చుకుంటోంది. పక్కనున్న స్నేహితురాలు చైనీస్ చదువుతోందని చెప్పగానే, ఆ చిన్న కళ్లవైపు చూసి ‘చైనా నుంచి వచ్చావా?’ అని హిందీలో అడిగేశాను.

‘ఇంఫాల్, దీదీ’ అందా పిల్ల. కోపం లేదు. ఎన్నోసారి చెబుతోందో మరి! నాకు మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

‘నేనూ మొదటిరోజు అదే అడిగానక్కా. రెండు రోజులు మాట్లాడలేదు’ అని నవ్వింది గుంటూరు అమ్మాయి.

అదీ ఎక్కడ? చైనాను మనవాళ్లు దగ్గరగా తెలుసుకోవాలని ఠాగూర్ 1937లో తెరిచిన భవనం ముందు! 1924లో ఆయన చైనా వెళితే అక్కడి విద్యార్థుల్లో కొందరు వ్యతిరేకంగా కరపత్రాలు పంచారు. ఆయన అక్కడితో వదిలేయలేదు. 1927లో సింగపూర్‌లో పరిచయమైన తాన్ యున్-షాన్ మరుసటేడే శాంతినికేతన్ చేరాడు. తర్వాత స్వదేశం వెళ్లి విరాళాలు, పుస్తకాలు సేకరించి తెచ్చాడు. 1962లో రెండు దేశాలూ యుద్ధానికి దిగినా ఆయన ఈ దేశం విడిచిపోలేదు. 1983లో బుద్ధగయలో కన్నుమూశాడు.

స్నేహమంటే అన్నిటికీ తలూపడమని ఠాగూర్ అనుకోలేదు. ఒకప్పుడు ఇక్కడికి అతిథిగా వచ్చిన జపాన్ కవి నొగుచి, చైనాపై తమ దేశం చేస్తున్న దండయాత్రను సమర్థిస్తూ 1938లో ఉత్తరం రాశాడు. మీ ప్రజలంటే నాకు ప్రేమే, కానీ వాళ్లకు గెలుపు కాదు, పశ్చాత్తాపం కలగాలన్నది ఠాగూర్ జవాబు సారాంశం. ఇప్పుడు జపనీస్ నేర్పే నిప్పాన్ భవన కూడా ఇక్కడే ఉంది. అన్నట్టు, మన బెజవాడ గోపాలరెడ్డి చదువుకున్నదీ ఈ చెట్ల కిందే.

టీ కొట్టు దగ్గర కబుర్లు తిండి మీదకు మళ్లాయి. పప్పులో తీపి తగిలితే గుంటూరు నాలుక ఏమవుతుందో ఊహించుకోండి. హాస్టల్ గదిలో ఇంఫాల్ అమ్మాయి ఎరోంబా చేస్తే, అందులో పడే పులిసిన చేప వాసనకి మొదట్లో కిటికీలన్నీ తెరిచేదట ఈ పిల్ల.

‘మరి ఇప్పుడు?’

‘ఇప్పుడు నాకూ అలవాటైంది. కానీ అమ్మ పంపిన ఆవకాయ నెల తిరక్కుండానే ఖాళీ చేసేస్తోందక్కా!’

ఇంఫాల్ అమ్మాయికి ‘ఆవకాయ’ అన్న మాట ఒక్కటే అర్థమైంది. జాడీ ఎంత ఉంటుందో చేతులతో చూపించింది. లోపలి గోడ మీద నందలాల్ బోస్ 1942లో వేసిన ‘నటీర్ పూజ’ చిత్రం చూడాలన్నాను. రేపు తలుపులు తీస్తారని, తానే దగ్గరుండి చూపిస్తానని చెప్పింది.

బోల్‌పూర్‌లోనే గది వెతుక్కున్నాను.