వేడికి తాళే రంగు

మా పాత అంబాసిడర్ కారు ఎగ్జాస్టు మానిఫోల్డు తుప్పు పట్టింది. కిటికీలకు వేయగా మిగిలిన ఎనామిలు రంగును నేనే దానికి పూశాను. ఊరు దాటామో లేదో బానెట్టు సందుల్లోంచి పొగ! వెనుక సీటులో మా శ్రీమతి, ఆమె ఒడిలో మనుమరాలు. వారిద్దరినీ దింపేసరికి నా కాళ్ళు వణికాయి.

షెడ్డులోని మెకానిక్కు నా పూర్వశిష్యుడే. సంధులు రావడం లేదని ఒకనాడు నేను బెంచీ ఎక్కించిన పిల్లవాడు. "అక్కడి వేడి అయిదు వందల డిగ్రీల దాకా పోతుంది మాస్టారూ, ఎనామిలు మాడదా మరి!" అన్నాడు. సెరామిక్ పూత శ్రేష్ఠమే గాని భాగాన్ని విప్పి దూరం పంపాలి, వ్యయం అధికం. ఫైబరు గుడ్డపట్టీ చుడితే తేమ నిలిచి తుప్పు పెరుగుతుంది. నెమ్మదిగా తిరిగే మా బండికి 600 డిగ్రీలు తాళే సిలికాన్ అల్యూమినియం రంగే చాలునని నిశ్చయించాడు. తుప్పంతా గీకి, జిడ్డు కడిగి, పలుచగా రెండు పూతలు వేశాడు. ఆరిన పిమ్మట ఇంజనును కాసేపు నడిపి, చల్లార్చి, మళ్ళీ నడిపి రంగును గట్టిపరచాడు.

కూలి పుచ్చుకోలేదు. ఆ బెంచీ సంగతి ఎత్తబోయాను. "సవర్ణదీర్ఘం నాకిప్పటికీ రాదండీ" అని నవ్వేశాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.