స్టడ్డు కొత్తది దొరుకుతుంది, బ్లాకు దొరకదు

పల్నాడు జిల్లా కేంద్రమైన నరసరావుపేటలో లారీలకు, ట్రాక్టర్లకు మరమ్మతులు చేసే షెడ్ల నడుమ పాత కార్ల ఇంజన్‌ను పూర్తిగా విప్పి బాగుచేసే పని ఇప్పుడు అరుదుగానే కనిపిస్తుంది. అటువంటి ఒక షెడ్డులో అంబాసిడర్ ఇంజన్‌ను బల్ల మీదికి ఎక్కించిన రోజున దగ్గరుండి చూసినవారికి, ఆ పనిలో అన్నిటికన్నా ఎక్కువ ఓర్పు కావలసింది సిలిండర్ బోరింగుకో, క్రాంకు గ్రైండింగుకో కాదనీ, తుప్పుపట్టిన స్టడ్లను ఊడదీయడానికేననీ తెలిసివస్తుంది. స్టడ్డు అంటే తల లేని ఉక్కు కడ్డీ. దాని రెండు కొసలకూ మరలుంటాయి, ఒక కొస బ్లాకులో దిగి ఉంటుంది, పైకి నిలిచిన రెండో కొసకు హెడ్డును తొడిగి నట్టు బిగిస్తారు.

బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి నమూనాపై హిందుస్థాన్ మోటార్స్ తన ఉత్తరపారా కర్మాగారంలో తయారుచేసిన ఈ కారులో దశాబ్దాల పాటు ఉన్నది బి సిరీస్ కుటుంబానికి చెందిన 1489 సీసీ పెట్రోలు ఇంజన్. దాని బ్లాకు, హెడ్డు రెండూ పోత ఇనుమే, హెడ్డును పట్టి ఉంచేవి 11 స్టడ్లు. నట్టు బిగించినప్పుడు స్టడ్డు స్ప్రింగులాగా లేశమాత్రం సాగి, తిరిగి కుదించుకోవాలని లాగే ఆ బిగువుతోనే గ్యాస్కెట్‌ను అదిమి ఉంచుతుంది. నడుము దగ్గర తుప్పు తిని సన్నబడిన స్టడ్డుకు ఆ బిగువు నిలవదు, సరిగా అక్కడే గ్యాస్కెట్ కాలిపోతుంది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది కాబట్టి స్టడ్డు మార్చుకోవచ్చు గానీ, అది దిగి ఉన్న రంధ్రం పాడైతే దాని బదులు కొత్త బ్లాకు కొనితెచ్చే దారి లేదు.

ఈ ప్రాంతపు నీటి ప్రస్తావన ఇక్కడ తప్పదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకూ మాచర్ల సిమెంటు కర్మాగారానికీ రాయినిచ్చిన ఈ సున్నపురాతి నేలలో బోరు నీళ్లు కఠినంగా ఉంటాయి. కూలెంటు కలపకుండా ఏళ్ల తరబడి ఆ నీళ్లే రేడియేటర్‌లో పోస్తే ఇంజన్‌లోని నీటి దారుల్లో తెల్లని గార పేరుకొని, దాని చాటున తుప్పు సాగుతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుముకన్నా రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది గనుక మరల సందులు బిగుసుకుపోయి స్టడ్డు, బ్లాకు ఒకే లోహమైనంతగా పట్టేస్తాయి.

షెడ్డులో మొదట వైరు బ్రష్షుతో పైపొర గీకి, స్టడ్డు మొదట్లో తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేశారు. మర్నాడు కుర్రవాడు స్టడ్డు కొసకు రెండు నట్లు ఎక్కించి, ఒకదానికొకటి బిగించి, కింది నట్టుకు పానా వేసి విప్పే వైపుకు లాగబోయాడు. “ఆగబ్బాయ్, బలం పెట్టమాక” అని మేస్త్రీ పానా తన చేతికి తీసుకొని, స్టడ్డు నెత్తిన సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేసి, చుట్టూ ఉన్న పోత ఇనుమును గ్యాసు మంటతో నెమ్మదిగా వేడిచేశాడు. బ్లాకు వ్యాకోచించి తుప్పు పట్టు సడలుతుంది. ఆ వేడి మీద కొవ్వొత్తి ఆనిస్తే కరిగిన మైనం మరల సందుల్లోకి పాకుతుంది. తరువాత పావు చుట్టు విప్పడం, అంతకన్నా తక్కువ వెనక్కి తిప్పడం, మళ్లీ నూనె వేయడం, ఇలా సాగిన ఆ వరసలో తుప్పు పొడి ఎర్రని బురదగా పైకి వచ్చింది. ఈ నిదానాన్ని ఆలస్యమని గొణుక్కునే కారు యజమానులు ఒక్కసారి ఆ బురదను చూడాలి.

స్టడ్డు విరిగితే వ్యవహారం వేరు. ముక్క పైకి ఉంటే దాని మీద నట్టు పెట్టి వెల్డింగు చేస్తారు, ఆ వేడికే అది కదలడమూ కద్దు. బ్లాకు మట్టానికి విరిగితే సరిగ్గా నడిమధ్యన గుర్తుకొట్టి డ్రిల్లు వేయాలి. ఎక్స్‌ట్రాక్టర్ అనే ఎదురు మరల పనిముట్టు గట్టిదే గానీ పెళుసు, అది లోపల విరిగిందంటే మామూలు డ్రిల్లు దాన్ని తొలవలేదు. ఇంకో ప్రమాదం అంగుళాల కొలతలది. మూడు బై ఎనిమిది అంగుళాల ముతక మరకు అంగుళానికి 16 చుట్లు, 10 మిల్లీమీటర్ల బోల్టుకు దాదాపు 17. చూపుకు రెండూ ఒకటే. దొరికింది కదా అని రెండోదాన్ని మొదటి రంధ్రంలోకి బలవంతంగా దించితే పోత ఇనుప మర పొడిపొడిగా రాలుతుంది. మర పోయిన రంధ్రాన్ని పెద్దది చేసి, కొత్త మర కోసి, ఉక్కు తీగచుట్ట దించి పాత కొలతకు తేవచ్చు.

లేత్ మీద మామూలు ఇనుప కడ్డీకి మర కోసి స్టడ్డుగా వాడటం పల్నాటి షెడ్లలోనే కాదు, ఎక్కడైనా తప్పే, ఎందుకంటే మెత్తని ఇనుము సాగి తిరిగి రాదు. అధిక బలం గల ఉక్కు స్టడ్డునే వాడాలి. బిగించే ముందు రంధ్రం అడుగున నూనె గానీ నీరు గానీ నిలవనివ్వరాదు. దిగే స్టడ్డు ఆ ద్రవాన్ని నొక్కితే, ఆ ఒత్తిడికి బ్లాకే పగలవచ్చు. స్టడ్డును చేతి బిగువుకు మించి దించకుండా, హెడ్డు కూర్చోబెట్టాక నట్లను నడుమ నుంచి అంచులకు, ఒకేసారి కాక విడతలుగా, టార్క్ రెంచితో కొలిచి బిగిస్తారు.